గిర్ని పెద్దమ్మ బిగుతు జాకెట్టు

సూర్యాపేటలో మా షాపు ఎదుటి కరెంటు స్తంభానికి మొన్న ఒక ఫ్లెక్సీ కట్టారు. దశదిన కర్మ ఫ్లెక్సీ. అందులో గిర్ని పెద్దమ్మ నవ్వుతోంది. నవ్వంటే మామూలు నవ్వు కాదు, "ఏంది, సూస్తున్నవ్?" అని ఎదుటి మనిషిని నిలదీసే నవ్వు. ఆమె ఎడమ పక్కన, పక్కటెముకల మీద, ఎవరిదో ఒక చేయి ఉంది. మోచేతి దాకా గోరింటాకు, నిండా గాజులు. మనిషి లేదు, చేయి మాత్రమే ఉంది. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూసి, "ఇదేందమ్మా, ఎవల చెయ్యి ఇది?" అని నన్ను అడుగుతున్నారు. స్తంభం మా షాపు ముందుంది కాబట్టి దానికి నేనే జవాబుదారీ అన్నట్టు.

ఆ చేయి ఎవరిదో నాకు తెలుసు. అక్కడ అంత గట్టిగా ఎందుకు పట్టుకుందో కూడా తెలుసు. అడిగిన ప్రతివాళ్ళకూ కుట్టు మిషను ఆపి చెప్పలేను గనుక ఇక్కడ ఒక్కసారి చెప్పేస్తాను.

పేరు మాత్రం రాయను. ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. మిగిలిన మా అందరికీ ఆమె గిర్ని పెద్దమ్మే. నా టైలరింగు షాపుకూ ఆమె పిండి గిర్నికీ మధ్య ఒక్కటే గోడ. ఆవలి పక్క గిర్ని తిరిగితే ఈవలి పక్క నా సూది డబ్బాలు కదిలేవి. ఆ చప్పుడులో బతికీ బతికీ ఆమె గొంతు పెద్దదైపోయింది. గిర్ని ఆపినా గొంతు తగ్గేది కాదు. "ఇటు రా బిడ్డా, రహస్యం చెప్త" అని పిలిచి ఆమె చెప్పిన రహస్యాలన్నీ మా వీధి వీధంతా విన్నది. కోడలి మీద చాడీలు కూడా అలాగే చెప్పేది. గిర్ని వెనకే ఇల్లు, ఇంట్లో కోడలు. పాపం ఆ పిల్ల...

చూశారా, నోట్లోంచి వచ్చేసింది. ఆ "పాపం" అనే మాట పెద్దమ్మ ముందు అనకూడదు. గిర్ని దగ్గర డబ్బాలతో లైను కట్టినవాళ్ళలో ఎవరైనా ఎవరి గురించైనా "పాపం" అన్నారంటే, డబ్బా ఎత్తి లైను చివర పెట్టేది. "పాపం అన్నవ్ గదా, ఎనకకు పో. నీకు మస్తు తీరిక ఉన్నట్టుంది" అనేది. కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మక గొడవ పెట్టుకునేవాళ్ళు. పాతవాళ్ళు నోరు మూసుకుని వెనక్కి వెళ్ళేవాళ్ళు.

పిండి పడుతుండగానే చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, కళ్ళు మూసుకుని, "ఊఁ, గిది రొట్టెకు", "గిది ఇంకొకసారి పోయాలె" అనేది. చేతికి మిగిలిన పిండిని దులపకుండా మా షాపు తలుపు చట్రానికి తుడిచేది. ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. ఆమె జుట్టు ఏ వయసులో నెరిసిందో మా వీధిలో ఎవరికీ తెలియదు, ఎప్పుడు చూసినా పిండే కదా.

జాకెట్లు నా దగ్గరే కుట్టించుకునేది. కొలతకని ఒక పాత జాకెట్టు ఇచ్చింది. మేం దాన్ని ఆది జాకెట్టు అంటాం. ఆ ఆది చూస్తే అందులో ఇద్దరు పట్టేవాళ్ళు. "జర వదులుగ కుట్టు బిడ్డా, బస్తాలు ఎత్తేదాన్ని, ఊపిరాడాలె" అని ప్రతిసారీ చెప్పేది. ఎంత వదులుగా కుట్టినా ఇంకాస్త వదులు కావాలనేది.

మూడేళ్ళ కింద ఎండాకాలం, పచ్చళ్ళ రోజులు. సూర్యాపేట మొత్తం ఆమె గిర్నిలోనే కారం పట్టించుకుంటున్నట్టు లైను. ఆ రోజుల్లో ఒక పొద్దున ఎడమ పక్క రొమ్ము కింద మంట మొదలైందట. కారం పట్టేవాళ్ళకు ఒంటి మీద మంట కొత్తా? మిర్చి దుమ్ము జాకెట్లోకి పోయిందనుకుంది. మజ్జిగతో కడుక్కుంది, కొబ్బరినూనె రాసుకుంది, మళ్ళీ గిర్ని తిప్పింది. నాతో కూడా అదే అంది, నేనూ అదే అనుకున్నాను. "ఈసారి మిర్చి మస్తు ఘాటున్నది బిడ్డా, బట్టలల్లకెల్లి ఒంటికి ఎక్కింది" అని నవ్వింది. మిర్చి పట్టించుకున్న ఒకామెను పిలిచి, ఇంత మంచి మిర్చి ఎక్కడ తెచ్చినవని కూడా అడిగింది.

తర్వాత నీటి పొక్కులు లేచాయి. వీపు నుంచి ముందుకు, ఒక పట్టీ కట్టినట్టు. అప్పుడు వీధంతా ఒక్కమాట: సర్పి. సర్పి అంటే మా దగ్గర పెద్ద భయం. అది పాములా నడుము చుట్టూ తిరుగుతుందనీ, తల వచ్చి తోకను కలిస్తే మనిషి దక్కదనీ అంటారు. కొడుకు ఆమెను ఆమె పుట్టిన ఊరు మోతెకు తీసుకుపోయాడు. అక్కడ సర్పికి జాజు పూసే ఒక ముసలాయన ఉన్నాడు. అరుగులు అలికే ఎర్రమట్టి జాజు ఉంటుందే, అది పొక్కుల మీద మందంగా పూసి, తల ముందుకు రాకుండా రెండు పక్కలా గీతలు గీసి పంపాడు. జాజు ఎండి పగిలింది. మంట తగ్గలేదు.

చుట్టాలు రావడం మొదలుపెట్టారు. ద్రాక్షపళ్ళు, యాపిల్ పళ్ళు, బ్రెడ్డు ప్యాకెట్లు. వచ్చినవాళ్ళు పెద్దమ్మ ముఖం చూడరు, పక్కటెముకలు చూస్తారు. తల ఎంత దూరం వచ్చింది, తోకకు ఇంకా ఎంత ఉంది అని. ఒకామె బయటికి వచ్చి గొంతు తగ్గించి, "ఇగ జానెడే ఉన్నది" అంది. లోపల్నుంచి పెద్దమ్మ అరిచింది. "జానెడు కొలిచినవా? టేపు కావాల్నా? పక్కనే టైలరున్నది, అడుక్కరా!"

ఆ కోపంతోనే లేచింది. నన్ను పిలిచి, "నడు, దవాఖానకు పోదాం. గీళ్ళ కొలతలకు నేను సావ" అంది.

దవాఖానలో డాక్టరమ్మ చిన్నపిల్ల, మా పెద్దమ్మ మనవరాలి కంటే కొంచెం పెద్దదేమో. పొక్కులు చూసి అడిగింది.

"అమ్మా, చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా?"

"పోసింది. మోతెల. యాపమండలల్ల పండవెట్టిండ్రు. గప్పుడే పోయింది గదా?"

"పోలేదమ్మా. వెన్ను పక్కన నరాల్లో దాక్కుంది. ఇన్నేళ్ళూ మీ ఒంట్లో రోగం మీద కాపలా గట్టిగా ఉండి దాన్ని లేవనివ్వలేదు. వయసు పెరిగేకొద్దీ ఆ కాపలా తగ్గుతుంది. అందుకే ఇప్పుడు లేచింది. ఇది నడుమంతా చుట్టదు, ఒక్క నరం దారినే వస్తుంది, ఒక్క పక్కనే ఉంటుంది. తలా లేదు, తోకా లేదు."

పెద్దమ్మ కొంగు ఎత్తి పొక్కుల వైపు చూసుకుంది. తర్వాత అడిగింది.

"అంటే ఇన్నేండ్లు కిరాయి గూడ ఇయ్యకుంట నా ఒంట్లెనే ఉన్నదా? మరి నా కావలోడు నిద్రపోయిండా?"

"నిద్ర కాదమ్మా. ముసలివాడయ్యాడు."

"ముసలోడైతే? నేను గూడ ముసలిదాన్నే. నేను గిర్ని బంద్ పెట్టిన్నా?"

డాక్టరమ్మ నవ్వింది గాని చెప్పాల్సింది చెప్పింది. మొదటి రెండు మూడు రోజుల్లోనే వస్తే మందు బాగా పనిచేసేదని, ఈ వయసులో పొక్కులు మానినా నరం నొప్పి చాలాకాలం ఉండిపోవచ్చని, నెలలు కావచ్చు, ఇంకా ఎక్కువ కూడా కావచ్చని. యాభై దాటినవాళ్ళకు ఇది రాకుండా సూదిమందు ఉందని నన్ను చూస్తూ అంది. పెద్దమ్మ వెంటనే నా భుజం మీద ఒక్కటేసింది. "ఇన్నవా? నీ కావలోనికి ఇప్పుడే కర్ర ఇచ్చి నిలవెట్టు." ఆమె పోరు పడలేక నేను ఆ సూదులు వేయించుకున్నాను.

పొక్కులు మానాయి. మంట మానలేదు. మంట అంటే వినేవాళ్ళకు అర్థం కాదు. బట్ట తగిలితే మంట. ఫ్యాను గాలి తగిలితే మంట. చీర కొంగు జారి పక్కకు రాసుకుంటే నోట్లోంచి "స్స్" అని వచ్చేది. మాత్రలు వేసుకుంటే కొంత తగ్గేది గాని తల తిరిగేది, తిరిగే బెల్టు పక్కన నిలబడి తల తిరిగితే ఎట్లా? అందుకని డాక్టరమ్మతో కొట్లాడి రాత్రి పూటకు మార్పించుకుంది. జాకెట్టు వేసుకోవడం మానేసింది. కుడిచేత్తో గిర్ని నడుపుతూ, ఎడమచేత్తో చీరను పక్కటెముకలకు తగలకుండా రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని నిలబడేది. రోజంతా అలాగే. కోడలు సిగ్గుపడి ఏమన్నా అంటే, "మా అవ్వ ఎన్నడన్న రైక తొడిగిందా? ఆమె మనిషి కాదా?" అని వీధికి వినబడేట్టు అడిగేది.

చిన్నచిన్నవి కూడా మానేవి కావు. ఒకప్పుడు జలుబు చేస్తే అల్లం నమిలి మర్నాటికి గిర్ని ఎక్కే మనిషి, ఇప్పుడు నెల తరబడి దగ్గేది. వేలికి రేకు గీరుకుంటే ఆ గాయం వానలు పడేదాకా పచ్చిగానే ఉంది. ఎలా ఉన్నావని అడిగితే, "కావలోడు ఇయ్యాల డ్యూటీకి రాలే. నేనే నిలవడ్డ" అనేది.

అన్నిటికంటే ఘోరం ఇంకొకటి. ఆమెను ఎవరూ ముట్టుకోవడం లేదు. మనవరాలు ఆమె పక్కలో పడుకుని పెరిగిన పిల్ల. జబ్బు మొదలైన రోజుల్లో తెలియక చేయి వేస్తే పెద్దమ్మ పెట్టిన కేకకు ఆ పిల్ల హడలిపోయింది. అప్పట్నుంచీ దూరం నుంచే "తిన్నవా నానమ్మా" అని అడిగి పోయేది. అంటుకుంటుందని కొందరి భయం, నొప్పి పెడుతుందని కొందరి భయం. పొక్కులు ఎండిపోయాక అంటుకోదని డాక్టరమ్మ చెప్పిన మాట ఎవరూ వినిపించుకోలేదు. ఒకరోజు గిర్ని ఆపాక గోడ మీద చేయి వేసి నాతో అంది, "మనిషి ముట్టుకోక ఏడాదయితుంది బిడ్డా." ఆ ఒక్కమాటే నిజంగా నెమ్మదిగా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. పాపం అంటే ఊరుకోదు గనుక మాట్లాడకుండా చాయ్ తెప్పించాను.

మనవరాలికి కోదాడ సంబంధం కుదిరింది. పెళ్ళి కోదాడలో, ఫంక్షన్ హాల్లో. కొడుకు మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమస్తా, రోజూ బస్సులో పోయి వస్తాడు. ఒక సాయంత్రం బస్సు దిగి తిన్నగా నా షాపుకు వచ్చాడు.

"అక్కా, జర నువ్వన్న చెప్పు. అమ్మ రైక లేకుంట హాల్ల ఎట్ల కూసుంటది? కోదాడోళ్ళు ఏమనుకుంటరు? ఫొటోలల్ల ఎట్లుంటది? ఇంటికాడ్నే ఉంటే ఆమెకూ మంచిది, మాకూ మంచిది. వీడియో కాల్ల సూపిస్త."

గోడ అవతల గిర్ని అప్పుడే ఆగింది. ఆమె విన్నది. వచ్చి నా షాపు తలుపుకు చేయి తుడుచుకుంటూ నిలబడింది.

"వీడియోల అచ్చింతలు ఎట్ల ఏస్తర్రా? నేను పోత. పిల్ల తల మీద నా చేత్తోని ఏస్త. రైకనే గదా మీ బాధ? బిడ్డా, నువ్వు కుట్టు. తొడుక్కుంట."

కుట్టాను. మెత్తటి మల్లు గుడ్డతో, ఆది కంటే వదులుగా. పరదా వెనక తొడుక్కుంది, "స్స్" అంది, జాకెట్టు పరదా మీదుగా వచ్చి నా మిషను మీద పడింది. "కరుస్తుంది." కుట్లు బయటికి వచ్చేట్టు ఇంకొకటి కుట్టాను. అదీ ఎగిరొచ్చింది. అరిగి అరిగి పట్టులా మెత్తబడిన మా ఆయన పాత ధోవతి చింపి, గాలి కంటే తేలికగా ఉండేట్టు ఇంకొకటి కుట్టాను. అదైతే తొడగనే లేదు, చేతికి తగలగానే విసిరేసింది. పెళ్ళి దగ్గర పడుతోంది. ఇన్నేళ్ళ నా పనితనం ఎందుకు, తగలబెట్టనా అనిపించింది. ఇంకా ఎంత మెత్తగా కుట్టగలను?

ఒక మధ్యాహ్నం గోడ అవతల్నుంచి కేక. "బిడ్డా! మిషన్ ఆపి రా! ఉరికి రా!"

పడిపోయిందనుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. పెద్దమ్మ గిర్ని మధ్యలో నిలబడి ఉంది. ఎవరిదో జొన్నల మూట రెండు చేతులా ఎత్తి, ఎడమ పక్కకు అదిమి పట్టుకుని ఉంది. ఆ మూట తాలూకు ఆయన, దించమ్మా దించమ్మా అని బతిమాలుతున్నాడు. ఆమె దించడం లేదు. కళ్ళ వెంట నీళ్ళు, ముఖం నిండా నవ్వు.

"సూడు. మంట లేదు."

"ఏమైంది పెద్దమ్మా? ముందు దించు!"

"దించ. దించితె మళ్ళ వస్తది. మెత్తగ ముట్టుకుంటె సస్తున్న, గట్టిగ పట్టుకుంటె మంచిగున్న. ఇన్నొద్దులు నన్ను అందరు గల్సి మెత్తగ సంపిండ్రు. నువ్వు గూడ!"

తర్వాత డాక్టరమ్మను అడిగితే, కొందరికి అలాగే ఉంటుంది, రాపిడి మంట పుట్టిస్తుంది, ఒత్తిడి ఓర్చుకోగలుగుతారు అంది. నాకు అప్పటిదాకా ఆగే ఓపిక ఎక్కడిది? ఆ సాయంత్రమే ఆది జాకెట్టును అవతల పడేసి టేపు తీసుకున్నాను. మందపాటి లాంగ్‌క్లాత్, లోపల ఇంకో పొర లైనింగు, ముందు వైపు దగ్గరదగ్గరగా హుక్కులు. కొలత కంటే బాగా తగ్గించి కుట్టాను. అలాంటి జాకెట్టు ఇంకెవరికైనా కుట్టి ఇస్తే నా ముఖాన కొడతారు. పరదా వెనక ఇద్దరం నిలబడి, నేను హుక్కులు లాగి పెడుతుంటే ఆమె ఒక్కో హుక్కుకూ ఒక్కో తిట్టు తిట్టింది. చివరి హుక్కు పడ్డాక చీర కొంగు తెచ్చి ఎడమ పక్క మీద వేశాను. "స్స్" వినబడలేదు.

"ఇంకా బిగియ్యొచ్చా?" అని అడిగింది.

"ఊపిరాడొద్దా పెద్దమ్మా?"

"ఊపిరి సంగతి నేను సూస్కుంట."

కోదాడ ఫంక్షన్ హాల్లో పెళ్ళికొడుకు తల్లి ఎదురొచ్చింది. చాలా మర్యాదస్తురాలు. "పెద్దమ్మగారూ, మెల్లగా రండి. ఇక్కడ కుర్చీలో కూర్చోండి. ఒంట్లో బాగుండదట కదండీ, స్టేజీ ఎక్కే శ్రమ ఎందుకు? పిల్లలనే కిందికి తీసుకొచ్చి దణ్ణం పెట్టిస్తాం" అంది, మోచేతిని పువ్వును పట్టుకున్నట్టు పట్టుకుని. ఆ మెత్తటి పట్టుకు పెద్దమ్మ ముఖం ముడుచుకోవడం నేను చూశాను. "నేనే ఎక్కుత" అంది. ఎక్కింది. కొడుకు కంగారుగా వెనక నడిచాడు. బ్యాండు మోగుతోంది. పిల్ల తల మీద అక్షింతలు వేసింది, పిండి పరీక్ష చేసినట్టు ఒక్క క్షణం వేళ్ళ మధ్య రుద్ది మరీ. పిల్ల వంగి కాళ్ళకు మొక్కి లేచింది. చేతులు ముందుకు వచ్చాయి, ఆగిపోయాయి. ఏడాది కిందటి కేక గుర్తుంది కదా ఆ పిల్లకు. గాల్లోనే ఉన్నాయి చేతులు.

బ్యాండు మీదుగా వినబడాలని పెద్దమ్మ గిర్ని గొంతుతో అరిచింది. సరిగ్గా అప్పుడే బ్యాండు ఆగింది.

"గట్టిగ పట్టుకో బిడ్డా! నన్ను గట్టిగ పట్టుకో!"

హాలు హాలంతా తిరిగి చూసింది. కోదాడవాళ్ళు, మావాళ్ళు, వంటవాళ్ళు కూడా. పిల్ల ఒక్క అడుగు వేసి రెండు చేతులా చుట్టేసింది. దండలు నలిగాయి. గాజులు రెండు పగిలాయి. పెద్దమ్మ కళ్ళు మూసుకుని, "ఇంకా" అంది. పిల్ల ఇంకా బిగించింది. అప్పుడు పెద్దమ్మ కళ్ళు తెరిచి హాలు వైపు చూసి నవ్వింది. ఫొటోగ్రాఫరు నొక్కాడు.

మంట తగ్గిపోయిందని అబద్ధం చెప్పను. రాత్రి జాకెట్టు విప్పగానే వచ్చేది, పొద్దున హుక్కులు పెట్టుకునేదాకా ఉండేది. ఆఖరిదాకా ఉంది. కానీ ఆ పెళ్ళి తర్వాత మా వీధిలో ఆమెను ముట్టుకోకుండా ఎవరూ పోలేదు, పోనిచ్చేది కాదు. డబ్బా అందుకునేటప్పుడు కూడా "చెయ్యి గట్టిగ పట్టు" అనేది. ఈ వానల్లో దగ్గు పట్టుకుంది. ఒళ్ళు కాలలేదు కాబట్టి ఏం లేదనుకున్నారు ఇంట్లోవాళ్ళు. ఈ వయసులో ఊపిరితిత్తులు పాడైనా జ్వరం రాకపోవచ్చునట. ఆయాసం వస్తే తనే ఆటో పిలిపించుకుని దవాఖానకు పోయింది. నేను చూడ్డానికి వెళ్తే నా మణికట్టు పట్టుకుని, "కావలోడు పండుకున్నడు బిడ్డా. నేను ఇంకా పండుకోలే" అంది. మర్నాడు పోయింది. ఇల్లు చేర్చాక స్నానం చేయించి, కోడలు తేలిగ్గా పడుతుందని పాత వదులు జాకెట్టు తెచ్చింది. అది కాదమ్మా అని, బిగుతుది తెప్పించి, హుక్కులన్నీ నేనే పెట్టాను. ఒక్కటీ వదల్లేదు.

ఫ్లెక్సీ కట్టిన రోజు కొడుకు మా షాపు మెట్ల మీద కూలబడ్డాడు. "ఆ చెయ్యి తీసెయ్యుమని ఫ్లెక్సీ ఆయనకు చెప్పిన అక్కా. ఎంత సూసినా ఆయనతోని కాలే. చెయ్యి తీస్తే అమ్మ పక్క సగం పోతుందన్నడు. అంత గట్టిగ పట్టుకున్నది నా బిడ్డ" అని తల వంచుకున్నాడు. ఉండనీ తమ్మీ అన్నాను. అతని భుజం మీద చేయి వేశాను, గట్టిగానే వేశాను.

నిన్న ఎవరో ఒకామె, ఈ వీధికి కొత్తగా వచ్చినట్టుంది, డబ్బా పట్టుకుని మూసిన గిర్ని ముందు నిలబడింది. ఫ్లెక్సీ వైపు చూసి, "ఎవల చెయ్యమ్మా అది?" అంది.

"మనవరాలిది."

"అయ్యో, మస్తు తిప్పలు వడ్డదట గదా ముసలామె. పాపం."

నేను మిషను ఆపాను.

"ఎనకకు పో" అన్నాను.

"ఎనకకు ఏడికి? లైన్ల ఎవలు లేరు గదమ్మా."

"ఎవలు లేకున్నా సరే. పాపం అన్నవ్ గదా, ఎనకకు పో."